గోలెంల చేపలు, మా అత్తమ్మ

మొన్న సోమవారం పొద్దుగాల మా అత్తమ్మ కన్నుమూసింది. సావుకొచ్చినోళ్ళందరు "ఎంత నెమ్మదస్తురాలో" అంటుంటె నాకు ఒళ్ళు మండింది. మీరు ఏమన్నా అనుకోండ్రి, ఆమె నెమ్మది గాదు, మొండి మనిషి. ఆ మొండితనానికే నేను దండం పెడత.

నేను ఇస్నాపూర్‌కు కోడలుగ వచ్చేనాటికి నైజాం సర్కారు పోయి నాలుగైదేండ్లు. ఊర్ల నారికురుపు మస్తుగుండె. కాలుల కెళ్ళి పురుగు దారం లెక్క ఎల్లేది, మనిషి మంచంల పడేది. మంచినీళ్ళ బాయిల చిటికెనవేలంత చారల చేపలుండేటివి. అవి నీళ్ళల్ల పురుగును తింటయని అందరి నమ్మకం. ఎండకాలం పూడిక తీసేటప్పుడు వాటిని పట్టి మా ఇంటి పెద్ద నీళ్ళ గోలెంల పెట్టి, నీళ్ళూరినంక మళ్ళ బాయిల ఇడిసేటోళ్ళు. గోలెం కావలి అత్తమ్మది.

నేను కోడలుగ వచ్చిన ఏడు, చేపలు గోలెంల ఉన్నప్పుడే మా అమ్మ హత్నూర నుంచి నన్ను సూడొచ్చింది. ఊకె కూసునే మనిషి గాదు. మేము చేను కాడికి పోయినంక గోలెంల చేపలు సూసింది, వియ్యపురాలికి రుచి సూపెడ్దామని పులుసు పెట్టింది. నేను ముందుగాల ఇల్లు చేరి సూస్తె కుండ దించి ఉన్నది. ఊరోళ్ళ చేపలాయె! ఇగ మా అమ్మ ఈ ఊర్ల మొహమెట్ల సూపెడ్తది?

అత్తమ్మ వచ్చి కుండల తొంగి సూసింది, గోలెంల తొంగి సూసింది, నా మొహం సూసింది. కాళ్ళు కడుక్కొని పీటేసుకున్నది. "పెట్టు వదినె, ఆకలైతున్నది" అని అమ్మను అడిగి, మారు గూడ పెట్టించుకున్నది.

పొద్దుగూకంగ పూడిక తీసినోళ్ళు చేపలకొచ్చిండ్రు. అప్పుడు అమ్మ ఊరి అవతలి కొసకు ఎవరింట్లనో ముచ్చట పెడుతున్నది. "నేనే వండుకున్న, నోరాగలే" అన్నది అత్తమ్మ. ఇగ సూడుండ్రి, ఊరు ఊరంత తిట్టింది. నేను దొడ్ల నిలబడి ఏడుస్తుంటె వచ్చి కసిరింది.

"ఏందే ఏడుస్తవు? నన్ను తిడితె నాకేమైతది, నా తోలు మందం. మీ అమ్మ మళ్ళ ఈ ఇంటికి రావాల్నా, వద్దా?"

తెల్లారి అమ్మను ఎంటబెట్టుకొని వాగు పక్క జమ్ము మడుగుకు పోయింది. నేను కుండ పట్టుకొని గట్టు మీద నిలబడ్డ. మోకాటి లోతు బురదల ఇద్దరు పాత చీర చెరో కొస పట్టుకొని ఒంగిండ్రు.

"మళ్ళ పులుసుకేనా వదినె?" అని అమ్మ సంబురంగ అడిగింది.

"ఇయ్యి బాయికి వదినె. పులుసు నిన్ననే కడుపునిండ తిన్న" అని అత్తమ్మ నవ్వుకుంట చీర పైకెత్తింది. నీళ్ళు కారుతున్నయి, నడుమ చారల చేపలు ఎగురుతున్నయి, మా అమ్మ పకపక నవ్వుతున్నది.