ఒక్క తుడుపు ఆగండి

మా ఐదో తరగతి మాస్టారికి ఒకటే అలవాటు. ప్రశ్న అడిగాక కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

అందులో వింతేముంది, కళ్ళజోడున్న వాళ్ళంతా తుడుచుకుంటారు అంటారేమో. వాళ్ళు మరక పడితే తుడుచుకుంటారు. మా మాస్టారు ప్రశ్న అడిగితే తుడుచుకునేవారు. "ఏడెనిమిదులు ఎంత?" అని అడిగి, ముందు కుడి చెవి మీది కాడ తీసి, తర్వాత ఎడమ చెవిది తీసి, జేబులోంచి పసుపు గుడ్డ లాగి, దాని నాలుగు మడతలూ విప్పి, ఒక అద్దాన్ని గుండ్రంగా, రెండోదాన్ని ఇంకాస్త గుండ్రంగా తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, అనుమానం తీరక మళ్ళీ ఒకసారి తుడిచి, గుడ్డకు నాలుగు మడతలూ పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని అప్పుడు మా వైపు చూసేవారు. ఈలోగా ఏడెనిమిదులు యాభైఆరన్న సంగతి మా తరగతి గోడలకు కూడా కంఠతా వచ్చేసేది.

అందుకే ఆయన తుడుపు మాస్టారయ్యారు. మా బడిలో నిమిషాలు, సెకన్లు పోయి తుడుపులు వచ్చాయి. "ఇంటి గంటకి ఇంకా రెండు తుడుపులుంది, కూర్చోండి" అనేవాడు గంట కొట్టే ప్యూను. ఓరోజు అమ్మ స్నానానికి పిలిస్తే "ఒక్క తుడుపు ఆగమ్మా" అన్నాను. కూతురు ఇల్లు తుడుస్తోందనుకుని పాపం ఆవిడ ఎంతో మురిసిపోయింది. ఆ మురిపెం గదిలోకి వచ్చి చూసేదాకా ఉంది.

మాస్టారింట్లోనూ ఇదే వరస. ఓసారి ఆయన మర్చిపోయిన గొడుగు ఇవ్వడానికి మాస్టారి భార్య బడికి వచ్చి, మెట్ల మీద మా దగ్గర కూర్చుని వాపోయింది.

"కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగానమ్మా. కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకునేసరికి కూర చల్లారిపోయింది."

"ఇంతకీ ఏమన్నారండీ?"

"సరిపోయిందన్నారు. తీరా నేను తిని చూస్తే అసలు వెయ్యనే లేదు!"

దీనికి తోడు ఆయనకు ఇంకో జబ్బు ఉండేది. కళ్ళజోడు తీస్తే చెవులు వినబడేవి కావు. నేను చెప్పడం కాదు, ఆయనే చెప్పేవారు. తుడుస్తుండగా ఎవరైనా జవాబు అరిస్తే, గుడ్డ మీద నుంచి తలెత్తకుండా "ఏమో నాయనా, కళ్ళజోడు లేదుగా, వినబళ్ళేదు. పెట్టుకున్నాక చెప్పండి" అనేవారు. కళ్ళకీ చెవులకీ ఏమిటి సంబంధమని మేమెవరం అడగలేదు. పెద్దవాళ్ళ జబ్బులు ఎలాగైనా ఉండొచ్చని మా నమ్మకం.

అలా అరిచే 'ఎవరైనా' చాలావరకు నేనే. నన్ను బడిలో తారాజువ్వ అనేవారు. నాకు ప్రశ్న సగం వినబడితే చాలు, జవాబు బయల్దేరేది. అది సరైనదా కాదా అన్నది దాని ఖర్మ.

"ఒక గదికి నాలుగు మూలలు. మూలకో పిల్లి. ఒక్కో పిల్లికీ ఎదురుగా మూడేసి పిల్లులు. గదిలో మొత్తం ఎన్ని?"

"పదహారండీ!"

కళ్ళజోడు అప్పటికే చేతిలో ఉండేది. ఆయన కుడి అద్దం తుడిచేలోగా నేను ఆ పదహారు పిల్లుల్ని గదిలో సర్దబోయేదాన్ని. మూలలు చాలేవి కావు. ఎడమ అద్దం అయ్యేసరికి పిల్లులు తగ్గుముఖం పట్టేవి. కళ్ళజోడు ముక్కు మీద వాలగానే "నాలుగేనండీ" అనేదాన్ని.

"శభాష్!" అనేవారు. పదహారు సంగతి ఆయనకు తెలియదు కదా. మాస్టారికి చెవుడుండటం నా అదృష్టమనుకునేదాన్ని.

నా పక్కన కూర్చునే పిల్ల పూర్తిగా నాకు ఎదురు. దాన్ని నిదానం అనేవాళ్ళం. పెన్సిలు చెక్కితే గంట, జడ వేసుకుంటే పూట. ప్రశ్న విని, కిందికి చూసి, పైకి చూసి, మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్న తర్వాత మెల్లిగా ఒక వేలు ఎత్తేది. ఈ తుడుపులన్నీ దాని కోసమేనని తరగతి మొత్తానికీ తెలుసు. నాకైతే ఒళ్ళు మండేది. ఒక్క తాబేలు కోసం బండి మొత్తం ఆపుతారా?

ఒళ్ళు మండినవాళ్ళలో రెండో ఆయన హెడ్మాస్టరు. ఆయన పాఠం రైలులా వెళ్ళేది. ప్రశ్న ఆయనే అడిగి, జవాబు ఆయనే చెప్పి, "అర్థమైందా?" అని ఆయనే అడిగి, "అయిందండీ" కూడా ఆయనే అనేసేవారు. అలాంటి మనిషి ఓ మధ్యాహ్నం మా గది వరండాలో మాస్టార్ని నిలబెట్టి చెడామడా దులిపేశారు. కిటికీ కింద కూర్చున్న మాకు ప్రతి మాటా వినబడింది.

"ఆలస్యం అమృతం విషం మాస్టారూ! పక్క సెక్షన్ వాళ్ళు దశాంశాల్లోకి వెళ్ళిపోయారు. మీరింకా భిన్నాల దగ్గర కూర్చుని అద్దాలు తుడుస్తున్నారు. ఎప్పటికి పూర్తవుతుంది సిలబసు?"

అది కూడా ప్రశ్నే కాబట్టి మాస్టారి చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది.

"అదిగో, మళ్ళీ! రేపు ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. ఆయన ముందు గానీ ఆ కళ్ళజోడు తీశారో, ఎల్లుండి నుంచి మీకు తరగతి ఉండదు. సామాన్ల గదిలో విరిగిన బెంచీలు చూసుకోవడమే. నేను రాసి పెట్టేశాను, ఆయన సంతకమే తరువాయి."

మాస్టారు చెయ్యి దించేశారు. పాఠానికి వచ్చారు గానీ ఆ పూట మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తనే చెప్పుకుంటూ పోయారు. పుస్తకంలో ఎనిమిది పేజీలు నడిచాయి. మాలో ఒక్కరికీ ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన తుడవకపోతే మాకు ఏడుపొచ్చింది.

ఇంటికెళ్తూ నేను గట్టిగా తీర్మానించుకున్నాను. రేపు ఇన్‌స్పెక్టరు ప్రశ్న అడగ్గానే, మాస్టారి చెయ్యి చెవి దాకా వెళ్ళేలోపే జవాబు చెప్పేస్తాను. తుడవాల్సిన పనే ఉండదు. మాస్టారి ఉద్యోగం నా నోట్లో ఉందని తెలిసి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారొచ్చారు. మనిషి భారీగా ఉన్నారు, చేతిలో ఫైలు ఇంకా భారీగా ఉంది. వెనకే హెడ్మాస్టరు. ఇన్‌స్పెక్టరు గారు గొంతు సవరించుకుని అడిగారు.

"పది మీటర్ల తాడుంది. రోజుకొక మీటరు ముక్క కోస్తూ పోతే, కోత ఎన్నో రోజుతో పూర్తవుతుంది?"

"పదండీ!" తారాజువ్వ పేలిపోయింది.

"వెరీ గుడ్! పదో రోజు! చురుకైన పిల్ల!" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. హెడ్మాస్టరు ముఖం వెలిగింది. నేను గర్వంగా మాస్టారి వైపు చూశాను.

ఆయన చేతిలో కళ్ళజోడు ఉంది.

హెడ్మాస్టరు పళ్ళు నూరుతున్న చప్పుడు మూడో బెంచీ దాకా వినబడింది. మాస్టారు జేబులోంచి పసుపు గుడ్డ తీసి చూసి, "అరెరె, అంతా సుద్దపొడి. అయ్యా, తమ దగ్గర శుభ్రమైన రుమాలుందా?" అన్నారు.

మర్యాదస్తుడు కాబట్టి ఇన్‌స్పెక్టరు గారు రుమాలు తీశారు. మాస్టారు కళ్ళజోడు ఆయనకే అందించారు. ఇక చేసేదేముంది? అంత పెద్దాయన ఫైలు చంకలో పెట్టుకుని మా మాస్టారి కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. కుడి అద్దం తుడిచారు. ఎడమ అద్దం మధ్యలో ఆయన చెయ్యి ఆగింది. పెదవులు ఏదో లెక్కపెట్టుకున్నాయి. ముఖం మెల్లిగా ఎర్రబడింది.

కళ్ళజోడు వెలుతురుకి ఎత్తి చూశారు. తన కళ్ళకు పెట్టుకుని గోడ మీది క్యాలెండరు చూశారు. తీసి చూశారు. మళ్ళీ పెట్టుకుని చూశారు.

"మాస్టారూ, ఇందులో..."

"మరకేమైనా ఉందాండీ?"

ఇన్‌స్పెక్టరు గారు ఒక్క క్షణం ఆయన్నే చూశారు. "లేదు. ఏమీ లేదు" అని కళ్ళజోడు తిరిగి ఇచ్చేశారు. మాస్టారు పెట్టుకున్నారు. నా పక్కన ఒక వేలు లేచింది.

"తొమ్మిదో రోజండీ," అంది నిదానం. "తొమ్మిదోసారి కోస్తే రెండు ముక్కలొస్తాయి కదండీ. పదో రోజు కత్తికి సెలవు."

ఇన్‌స్పెక్టరు గారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. "అది... ఇందాక నేను పది అన్నట్టున్నాను..."

"అన్నారాండీ?" అన్నారు మాస్టారు ఎంతో వినయంగా. "నాకు వినబళ్ళేదు. కళ్ళజోడు తమరి చేతిలో ఉందిగా. ఇప్పుడు చెప్పండి."

"తొమ్మిది!" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"తొమ్మిదేనండీ!" అన్నాను నేను.

"శభాష్!" అన్నారు మాస్టారు. అది ఇద్దరిలో ఎవరినో ఇప్పటికీ తెలియదు.

హెడ్మాస్టరు రాసిపెట్టిన కాగితం మీద సంతకం పడలేదు. దాని అడుగున ఇన్‌స్పెక్టరు గారు 'సిలబసు వెనకబడిన మాట నిజమే. ఈ మాస్టార్ని మాత్రం కదపవద్దు' అని రాసి వెళ్ళారట. ఆ సాయంత్రం దారిలో నిదానం చాలాసేపు ఆలోచించి, "ఆ అద్దాల్లో పవరు లేదే. ఉత్త గాజు" అంది.

"అబద్ధం!" అన్నాను, దాని మాట పూర్తికాకముందే.

ఇప్పుడు నేనూ టీచర్నే. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మొన్న శిక్షణ తరగతులకు పిలిచారు. కుర్ర శిక్షకుడొకాయన తెర మీద అక్షరాలు వేసి చూపించాడు: ప్రశ్న అడిగాక వెంటనే జవాబు ఆశించకండి, కొన్ని క్షణాలు ఆగండి, అందరినీ ఆలోచించనివ్వండి. నేను పగలబడి నవ్వాను. "ఏం మేడమ్?" అన్నాడు. "క్షణాలు కాదు బాబూ, ఒక తుడుపు" అన్నాను. పాపం అతనికేం తెలుస్తుంది.

అక్కణ్ణుంచి నేరుగా మాస్టారింటికి వెళ్ళాను. ఆయన జుట్టు ముగ్గుబుట్ట అయింది. కళ్ళజోడు ఈసారి సీసా అడుగంత మందంగా ఉంది.

"ఇది నిజమైందేనమ్మా," అన్నారు నవ్వుతూ. "అన్నేళ్ళు ఉత్తినే పెట్టుకున్నందుకు దేవుడు పవరు కూడా ఇచ్చాడు."

"మాస్టారూ, ఒకటి అడుగుతాను. అదంతా ఎవరి కోసం చేశారు?"

ఆయన మెల్లిగా కుడి చెవి మీది కాడ తీశారు.

"నిదానం కోసమే కదూ!" అనేశాను. టీచర్నైతే మాత్రం పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది?

ఆయన తలెత్తలేదు. కుడి అద్దం తుడుస్తున్నారు. నేను ఆగాల్సి వచ్చింది. ఆగితే ఆలోచన వచ్చింది. నిదానానికి ఎవరూ ఎదురు చూడనక్కర్లేదు. ప్రపంచం పరిగెత్తినా అది కూర్చుని ఆలోచించుకునేది. మరి రోజూ తప్పు జవాబులు కేకలేసింది ఎవరు? పదహారు పిల్లులు ఎవరివి? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఏడాది పొడుగునా ఆ గదిలో నేను నోరు జారని రోజు లేదు, నవ్వులపాలైన రోజూ లేదు. జారిన ప్రతి మాటనూ నాకు మెల్లిగా తిరిగి ఇచ్చేశారు మాస్టారు.

ఆయన గుడ్డకు నాలుగు మడతలూ పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని నా వైపు చూశారు.

"ఇందాక ఏదో అన్నట్టున్నావు, వినబళ్ళేదు. ఎవరి కోసమమ్మా?"

"నా కోసమండీ."

"శభాష్!" అన్నారు మాస్టారు.