పట్టాల మీద ఆగిన జీపు

మోకాళ్ల నొప్పులతో నడవలేని మా అత్తను నరసరావుపేట డాక్టరుకు చూపిద్దామని ఈ ఉదయం గురజాల నుంచి జీపులో బయలుదేరాం. అందులో పోసింది పొలంలోని ఇంజను కోసం దాచిన పాత డ్రమ్ము డీజిలు. బంకులో కొట్టిద్దామని నేనన్నా మా ఆయన వినలేదు.

ఊరు దాటాక గేటు లేని రైలు దారి ఒకటుంది. పట్టాల మీదికి ఎక్కగానే జీపు దగ్గి ఆగిపోయింది. మలుపు అవతల రైలు కూసింది. కిందికి దూకి అత్త చెయ్యి పట్టి లాగాను. ఆమె లేవలేకపోయింది.

"నన్నొదిలెయ్యే, నువ్వు పో!" అంది.

"నిన్నొదిలి యాడికి పోయేది అత్తా!" అని ఏడ్చాను.

మా ఆయన ఫస్టు గేరు వేసి సెల్ఫు కొడుతూనే ఉన్నాడు. ఇంజను అంటుకోలేదు గానీ, బ్యాటరీ బలానికే జీపు కుదుపులతో పాకి పట్టాలు దిగింది, అత్త చెయ్యి వదలకుండా పక్కనే నేనూ. వెంటనే వెనక నుంచి రైలు దూసుకుపోయింది.

ట్రాక్టరుతో జీపును గురజాలకు లాగించాం. మెకానిక్కు ఫిల్టరు విప్పితే నీళ్లూ తుప్పూ కారాయి.

"కొత్త ఫిల్టరు వేయించా, బంకు డీజిలు పోయించా. రేపు పోదామమ్మా" అన్నాడు మా ఆయన సాయంత్రం.

"ముందు నువ్వొక్కడివే ఆ పట్టాలు దాటి రా. అప్పుడు చూద్దాం" అంది అత్త.

నవ్వబోయాను. ఆయన నిజంగానే తాళం చేతికి తీసుకునేసరికి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. మీరైతే పోనిస్తారా?