తాలింపు చిటపటలు

మృగశిర కార్తె మొదటి రోజు, పొద్దున. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, కోడలు సరోజ, మేడ మీది గదిలో ఒంటరిగా మనుమరాలు మేఘన.

డైరీలో ఇంతవరకు రాసి కలం పక్కన పెడుతుంటే వంటింట్లోంచి చేపల పులుసుకు వేసిన మెంతుల తాలింపు గుప్పుమంది. మేఘన ఇక్కడే కరీంనగర్‌లో దవాఖాన నర్సు. రెండు డోసులూ వేయించుకుంది, అయినా కరోనా పట్టుకుంది. జ్వరం దిగింది, ఊపిరి బాగుంది, పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. పక్కింటాయన గోడ మీది నుంచి, "రెండు సూదులేసుకున్నా వచ్చింది గద సార్, ఇగ మేమెందుకు ఏసుకోవాలె?" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇదే మాట నేను చిన్నప్పుడు మా వాకిట్లోనే విన్నాను.

అప్పట్లో మా వాడంతా మగ్గాలే. ఎండాకాలం పొద్దున్నే వీధి పొడవునా నూలు పడుగులు సాచి గంజి పట్టిస్తుంటే ఆ పుల్లటి వాసన, రాలిన వేపపూత వాసన, పొద్దెక్కాక ఇంటింటా ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిర్చి చిటపటలాడే వాసన, అవే మాకు గడియారం. తాలింపు ముక్కుకు తగలగానే ఆట ఆపి గోటీలు జేబులో పోసుకుని ఇంటికి ఉరికేవాళ్లం. మా అవ్వ రాజమ్మ, అంటే మా అమ్మ, మిషన్ దవాఖానలో ఆయా. ఆమె జబ్బ మీద టీకా మచ్చలుండేవి, అందుకే ఊళ్లో మశూచి వచ్చిన ఏడాది రోగుల పాకలోకి ఆమెనే పంపారు. ఆ పాకలోంచి నడిచి వచ్చినవాళ్ల కంటే మోసుకొచ్చిన శవాలే ఎక్కువ. అవ్వకు రాదనే అందరం అనుకున్నాం. వచ్చింది.

మాది చర్చికి పోయే ఇల్లయినా, ఎదురింట్లో మగ్గం నేసే లచ్చవ్వ వచ్చి మా గుమ్మానికి వేపరొట్ట కట్టింది. "మీ దేవుడేమంటడో నాకెరుక లేదు, తాలింపు వాసన మాత్రం అమ్మతల్లికి గిట్టది" అని వాడంతా తిరిగి చెప్పింది. ఆ రోజు నుంచి ఏ ఇంట్లోనూ నూనె కాగలేదు. అంబలి, పెరుగన్నం, పచ్చి ఉల్లిగడ్డ, మళ్లీ అంబలి. వాసన లేని వాడలో ఎప్పుడు అన్నం వేళయిందో తెలియక తిరిగాం.  నేను కిటికీ చువ్వలు పట్టుకుని అవ్వ దుప్పటి కదులుతుందా లేదా అని చూస్తుండేవాణ్ణి.

లచ్చవ్వ కిటికీ దగ్గర నిలబడి, "టీకా పొడిపిచ్చుకున్నా తల్లి రానే వచ్చె గదనే రాజమ్మా. ఇగ మా పోరగాండ్లకెందుకు గా పొడుసుడు?" అంది.

లోపలి నుంచి అవ్వ, "వచ్చింది తియ్యి. జరసేపు కూసొని పోతది, నన్నైతే తోల్కపోదు" అంది. గొంతు బొంగురుగా ఉంది గాని నవ్వుతున్నట్టే అనిపించింది.

అన్నట్టే జరిగింది. పాకలోవాళ్లకు ఒళ్లంతా లేచిన పొక్కులు చీము పట్టేవి, అవ్వకు అక్కడొకటి ఇక్కడొకటి లేచి అట్లాగే ఎండిపోయాయి. వేపాకు, పసుపు వేసిన నీళ్లు పోసుకుని ఆమె అరుగు మీద కూర్చున్న పొద్దున లచ్చవ్వ వచ్చి, ఆమె గదవ పట్టుకుని ముఖాన్ని ఎండకు అటూ ఇటూ తిప్పి చూసి వెళ్లిపోయింది. కాసేపటికి ఎదురింట్లో నూనెలో ఎండుమిర్చి చిటపటలాడింది. తర్వాత పక్కింట్లో, ఆ పక్కింట్లో. మేం వాడ ఈ చివర నుంచి ఆ చివరకు దగ్గుతూ, తుమ్ముతూ, కేకలు పెడుతూ ఉరికాం. మర్నాడు లచ్చవ్వ ఇద్దరు పిల్లల్ని లాక్కుంటూ దవాఖానకు పోయింది. "మచ్చ పడేదే అయితే జబ్బ మీదనే పడనియ్, మొఖం మీదెందుకు" అందట.

పక్కింటాయనకు ఇదంతా చెప్పాను. "మీ అవ్వ గట్టిదే సార్" అని లోపలికి పోయాడు. ఇప్పుడు ఆ వాడలో మగ్గాలు లేవు, వీధిలో పడుగులు లేవు, ఆ పాక లేదు. మశూచీ లేదు. ఆ టీకా మచ్చ నా జబ్బ మీద ఉంది గాని మేఘన జబ్బ మీద లేదు.

మర్నాడు పొద్దున సరోజ పప్పుకు తాలింపు వేస్తూ ఎవరితోనో మాటల్లో పడింది. నా ఫోన్ మోగింది. మేడ మీది నుంచి మేఘన.

"తాతా, కింద ఎల్లిపాయ మాడుతుంది. అమ్మకు చెప్పు."

సరోజ పొయ్యి ఆర్పబోయింది. నేనే ఆపాను, ఇంకాసేపు మాడనిమ్మన్నాను.