చెల్లెలి సామాను తెచ్చిన రోజు

2011లో బతుకమ్మ పండుగకు కొన్నాళ్ళ ముందు, తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్న రోజులవి. బస్సులు డిపో దాటి రావడం లేదు. నేను పాఠాలు చెప్పే బడికి తాళం పడింది. కామారెడ్డిలో మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పొద్దున వాకిట్లో నిలబడితే రెండు వీధుల అవతల ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు కూడా వినపడేది.

అలాంటి ఒక సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, నన్ను తీస్కపో" అంది. 

చెల్లె భర్త పోయి అప్పటికి పది నెలలు. జ్వరమని దవాఖానకు వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటి నుంచి ఎల్లారెడ్డి దగ్గరి చిన్న పల్లెలో, అత్తగారింట్లోనే ఉంటోంది. ఒకప్పుడు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళకు రవికలు కుట్టిన మనిషి, మిషను ముట్టుకోవడమే మానేసింది. ఫోన్‌లో నేను ఎంత మాట్లాడినా "ఆఁ", "ఊఁ" తప్ప జవాబుండేది కాదు. మా ఇంటి ముందు గది ఖాళీగానే ఉంది, మిషన్లు తెచ్చి పెట్టుకో అని ఎన్నిసార్లు చెప్పానో. ఆ సాయంత్రం తనంతట తానే అడిగేసరికి, బస్సులు నడిచేదాకా ఆగమని అనలేకపోయాను. ఆగితే మనసు మార్చుకుంటుందేమోనని భయం.

మా ఇంట్లో పాత జీపు ఒకటి ఉండేది. పైన ఇనుప టాపు, దాని మీద సామాను పెట్టుకునే క్యారియరు. వెనక తగిలించడానికి రెండు చక్రాల చిన్న ట్రాలీ. మా ఆయన మస్కట్ వెళ్ళే ముందు వాటితో కూరగాయలు మార్కెట్‌కు వేసేవాడు. నాకు జీపు నడపడం నేర్పి మరీ వెళ్ళాడు. కానీ ట్రాలీ తగిలించి నేను పోయింది ఊరి చివరి చేను దాకే, అదీ ఖాళీగా. ఆయనకు ఫోన్ చేశాను.

"బరువు ఎన్కకు పెట్టకుండ్రి. నలభై దాటకు. ట్రాలీ ఊగితే బ్రేకు తొక్కకు, ఎక్సలేటర్ మీదికెల్లి నిమ్మళంగ కాలు తియ్యి. అదే సర్దుకుంటది" అన్నాడు.

తెల్లారేసరికి రాజంపేట వైపు మా పుట్టింటి నుంచి బాపు వచ్చాడు, భుజాన మోకు చుట్ట వేసుకుని, చేతిలో మంచాలకు అల్లే నవారు పట్టుకుని. ఆయన జీవితమంతా ఎడ్లబండి తోలిన మనిషి. జీపు వెనక వంగి, ట్రాలీ తగిలే కొక్కేన్ని చాలాసేపు చూశాడు.

"గీ ఒక్క కొక్కెం మీదనేనా ఇంత బండి ఆగేది?"

"పిన్ను పడుతది బాపు."

"పిన్ను పడ్డా సరే, గొలుసు గూడ ఎయ్యి. అది ఊడినా ఇది పట్టుకుంటది."

గొలుసు వేశాం. నేను లోపల కూర్చుని బ్రేకు తొక్కితే, ఆయన ట్రాలీ వెనక దీపం దగ్గర నిలబడి "ఎర్రగైంది... మల్ల ఆరింది... మల్ల ఎర్రగైంది" అని చిన్నపిల్లాడిలా చెప్పాడు.

ఆ దారి నాకు కొత్త కాదు. కానీ బస్సులూ లారీలూ లేని ఆ రోడ్డు మరెవరిదో అనిపించింది. రాత్రి కురిసిన వానకు తారు నల్లగా మెరుస్తోంది. రెండు వైపులా తంగేడు పూసి, గట్ల మీద పచ్చటి పొగ కమ్ముకున్నట్టుంది. పొట్టకొచ్చిన వరి మీద గాలి పోతుంటే పొలం మొత్తం ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ లేచేది. కొంగలు రోడ్డు మధ్యన నిలబడి, మేం బాగా దగ్గరికి వచ్చాక గానీ లేవలేదు.   ఆ మెత్తటి వెలుతురులో, మేం వెళ్తున్నది ఎందుకోసమో కాసేపు మరిచిపోయాను.

చెల్లె గడపలో నిలబడి ఉంది. ముందు నన్ను కాదు, జీపును చూసింది. సామానంతా అప్పటికే వాకిట్లో ఉంది: రెండు కుట్టు మిషన్లు, బట్ట కత్తిరించే పెద్ద చెక్క బల్ల, ఇనుప బీరువా, పరుపు, గుడ్డల మూటలు.

ఆమె అత్త నా చెయ్యి పట్టుకుంది. "నేనే పొమ్మన్న బిడ్డా. ఆ మిషిను మీద దుమ్ము చూస్తుంటే నా పానం ఆగుతలేదు. నాకు పెద్ద కొడుకు, కోడలు, మనుమలున్నరు. దానికి ఈడ ఏమున్నది?"

బల్లను, పరుపును జీపు పైకి ఎక్కించాం. మిషన్లు కూడా పైనే పెడదామని ఎవరో అంటే బాపు ఒప్పుకోలేదు.

"బరువంత కిందనే ఉండాలె. నెత్తి మీద గంప వెట్టుకొని ఉరుకుతే ఏమైతది? మలుపు కాడ తూలుతం. పైకి తేలికయే ఎయ్యాలె."

బల్లను కాళ్ళు ఆకాశానికి వచ్చేలా బోర్లా పెట్టించి, ఆ నాలుగు కాళ్ళ మధ్యన పరుపును కుదించి, తాటిపత్రి పట్టా కప్పి, మోకుతో అటూ ఇటూ బిగించాడు. ముందు అంచును నవారుతో బంపరు దాకా లాగి కట్టాడు, ఎదురుగాలికి పరుపు లేవకుండా. కట్టినదాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపితే జీపు ఊగింది గానీ సామాను కదల్లేదు. ఆయన పైన ఆ పనిలో ఉండగా కింద ఊరివాళ్ళు ట్రాలీ నింపారు. మిషన్లు ముందు, మూటలు మధ్యన, అన్నిటికన్నా బరువైన బీరువా చివరన. నేను చూశాను. చూసి కూడా, సాయానికి వచ్చినవాళ్ళను మళ్ళీ దింపమనడానికి మొహమాటపడ్డాను.

చెల్లె అత్త కాళ్ళకు మొక్కి, వెనక సీట్లో కూర్చుంది. ఏడవలేదు. బాపు నా పక్కన కూర్చున్నాడు.

కొంచెం దూరం పోయామో లేదో, తల మీద సన్నటి మోత మొదలైంది. తుమ్మెద లాంటి మోత. వేగం పెంచితే పెరిగేది, తగ్గిస్తే తగ్గేది. పొలాలు, ఆ మోత, ఎండలోకి వచ్చి పోయే మబ్బు నీడలు. నాకు కళ్ళు తెరిచే కలగంటున్నట్టుంది.

"జర ఆపు. నవారు మోగుతున్నది" అన్నాడు బాపు.

"ఉండనియ్యి బాపు. మంచిగనే ఉంది గదా" అంది చెల్లె వెనక నుంచి. ఆ రోజు ఆమె మా ఎదుట పలికిన మొదటి మాట అది.

బాపు వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. "మంచిగనే ఉంది బిడ్డా. కని అట్ల కొట్టుకుంట పోతే వదులైతది" అని మెల్లగా దిగి, నవారును ఒక మెలిక తిప్పి మళ్ళీ కట్టాడు. మోకు కూడా కొంత సడలి ఉంది. ప్రయాణం మొదట్లో ముళ్ళు సర్దుకుని వదులవుతాయని, అందుకే ఒకసారి ఆగి చూసుకోవాలని చెప్పాడు. మళ్ళీ బయల్దేరితే మోత లేదు. గాలి చప్పుడే.

లింగంపేట దాటాక చెట్లు దగ్గరయ్యాయి, రోడ్డు పల్లంలోకి దిగింది. నేను గమనించేలోపే జీపు వేగం పెరిగింది. వెనక నుంచి ఎవరో తోక పట్టుకుని ఆడిస్తున్నట్టు, ఎడమకు ఒక లాగు, కుడికి ఒక లాగు. అద్దంలో చూస్తే ట్రాలీ రోడ్డుకు ఒకసారి ఈ అంచున, ఒకసారి ఆ అంచున కనబడుతోంది. కాలు బ్రేకు మీదికి దానంతటదే పోయింది. తొక్కబోయి ఆపుకున్నాను. ఎక్సలేటర్ వదిలేశాను. స్టీరింగ్‌ను కదలనీయకుండా పట్టుకుని, రోడ్డు మధ్యనే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. చెట్ల నీడలు అద్దం మీద నుంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. భయం వేసిందని కూడా తర్వాతే తెలిసింది. ఊపు మెల్లగా చిన్నదై, చిన్నదై, ఆగింది. అప్పుడు బ్రేకు వేసి పక్కకు ఆపాను. 

బాపు దిగి ట్రాలీ చుట్టూ నడిచాడు. "బీరువ ఎన్కకు వెట్టిండ్రు గదనే. ఎడ్లబండికి ఎన్క బరువైతే ఏమైతది? కాడి లేస్తది, ఎద్దు మెడకు ఉరి పడుతది. గిదీ అంతే. ముక్కు లేవొద్దు."

"నేను చూసిన బాపు. చెప్పలేకపోయిన" అన్నాను. ఆయన కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

బీరువా మా ముగ్గురితో కదల్లేదు. అంతలో తంగేడు పూలు కోసి కొంగుల్లో నింపుకుని నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. పూలను రోడ్డు పక్కన గడ్డి మీద పోసి, "పట్టుండ్రి, పట్టుండ్రి" అంటూ వచ్చి చెయ్యేశారు. బీరువాను ఇరుసు కన్నా కొంచెం ముందుకు జరిపి, మూటలను వెనక్కు మార్చి, బీరువాను పక్కలకు కట్టేశాం. జీపు వెనక భాగం కొద్దిగా కిందికి కూర్చుంది. "గట్లుండాలె, కొంచెమే. మరీ కూసుంటే ముందర చక్రాలు తేలుతయి" అన్నాడు బాపు. వాళ్ళలో ఒకామె చెల్లె మెడ వైపు, బోసి నుదుటి వైపు చూసి, ఏమీ అడగకుండా ఒక పూల గుత్తి ఆమె చేతిలో పెట్టి వెళ్ళింది.

తాడ్వాయి దగ్గర రోడ్డంతా సమ్మె చేస్తున్న జనం. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు, డప్పు కొడుతున్నారు. ఒక పెద్దమనిషి వచ్చి, సామాను చూసి, మర్యాదగానే చెప్పాడు.

"మేడం, సాయంత్రం దాక రోడ్డు ఇడువం. ఆడివిల్లలు, ముసలాయన ఉన్నరు. ఎన్కకు పోతే చేన్లల్లకెల్లి బాట ఉన్నది, అవుతలికి ఎక్కుతది. అటు పోండ్రి."

బాట మా వెనక యాభై అడుగుల్లో ఉంది. తిప్పుకునే చోటు లేదు. ట్రాలీతో నేను ఎప్పుడూ వెనక్కు నడపలేదు. గేరు వేసి కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోయింది. కంగారుపడి ఇంకా కుడికే తిప్పితే జీపూ ట్రాలీ మూసిన కత్తెరలా దగ్గరయ్యాయి. డప్పు ఆగింది. అందరూ మా వైపే చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. చెల్లె దిగి ట్రాలీ వెనక్కు వెళ్ళింది.

జనంలోంచి ట్రాక్టరు నడిపే అతను ఒకడు కిటికీ దగ్గరికి వచ్చాడు. "మేడం, ముందుకు పోయి సక్కగ చేస్కోండ్రి. స్టీరింగు కింది దిక్కు పట్టుకోండ్రి. ట్రాలీ ఎటు పోవాలెనో చెయ్యి అటే జరుపుండ్రి. జరంత జరంతనే."

ముందుకు పోయి తిన్నగా చేశాను. స్టీరింగ్ కిందివైపు పట్టుకున్నాను. వెనక నుంచి గొంతు వినపడింది.

"రా అక్కా... రా... రా... ఇటు... ఇంకింత... ఆగు! ఆగుమన్ననా! బురదుంది. ముందుకు పో. ఆఁ, ఇప్పుడు రా!"

అరచేత్తో ట్రాలీ డొక్క మీద దడదడ కొడుతోంది. చిన్నప్పుడు చేనులో బర్రెలను మలిపిన గొంతే అది. మూడోసారికి ట్రాలీ బాటలోకి తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో "అక్క గొంతుకు మైకు అక్కర్లేదు" అంటే, చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అద్దంలో చూశాను. పది నెలల తర్వాత ఆ నవ్వు. పక్కన బాపు మరో వైపు తిరిగి, పొలాల్లో ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

వాళ్ళు ఆకుల్లో అన్నం, పప్పు పెట్టించారు. తిని, చేన్ల బాటలో నడిచేంత వేగంతో పోయాం. జొన్న ఆకులు రెండు పక్కలా జీపును రాసుకుంటూ పోతుంటే, చెల్లె ముందుకు వంగి ప్రతి గుంత దగ్గరా నాకు హెచ్చరిక చెప్పింది. ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా గోడల మీద ఉంది. ఒక్క వస్తువైనా విరగలేదు, మళ్ళీ ఒక్క ముడి కూడా సడలలేదు.

తర్వాత మూడేళ్ళలో ఆ ముందు గది చాలలేదు. పక్క గది కూడా ఆమెకే ఇచ్చాం. బీబీపేట నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి పని నేర్చుకున్నారు. భర్త గుర్తొచ్చిన రోజుల్లో ఆమె ఇప్పటికీ మిషను ముట్టదు. ఆ రోజు ఎవరమూ అడగం.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది సామాను దింపిన మర్నాటి పొద్దు. మిషన్లు ఇంకా వరండాలోనే ఉన్నాయి, మూటలు విప్పలేదు. వీధిలోంచి ఒకామె లోపలికి తొంగిచూసి, చంకలోంచి ఎర్రటి గుడ్డ తీసి, బతుకమ్మకు బిడ్డకు రవిక కావాలని అడిగింది. నేను "నిన్ననే దిగినం అవ్వా, జర ఆగి రా" అని చెప్పబోయాను.

చెల్లె చాప మీద నుంచి లేచి వచ్చింది. ఆ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి, ఎండకు పట్టి చూసింది.

"పిల్లను తోల్కరా. కొలత దీస్త" అంది.