మురుగు గేటుకు కుట్టుమిషను

రెండు వేల ఆరులో వార్డు సభ్యుడిగా గెలిచిన మర్నాడే నా పేరు పోయింది. గడియారాలు బాగుచేసినన్నాళ్లూ పేరుండేది. గెలిచాక పత్రికల్లో, మైకుల్లో నేను ‘మైనారిటీ సభ్యుడి’నే. వార్డులో మా వాళ్లవి పదకొండు ఇళ్లు. నాకు ఓట్లేసిన మిగతా వీధి సంగతి ఏ మైకూ చెప్పలేదు.

వినాయక నిమజ్జనానికి ముందు పోలీసులు పెట్టే శాంతి సమావేశంలో నాకు ముందు వరస కుర్చీ. ఊళ్లో ఏ గొడవా లేకపోయినా ‘అందరం అన్నదమ్ములం’ అని చెప్పి ఫొటో దిగాలి. దిగాను. పనుల గురించి మాట్లాడే మీటింగులో మాత్రం నా కుర్చీ తలుపు పక్కన, చెప్పుల దగ్గర.

నాకు కావలసింది ఒక ఇనుప గేటు. గోదావరి పెరిగితే నీళ్లు మురుగుకాలువ గుండా ఎదురెక్కి మా వీధి ఇళ్లలోకి వస్తాయి. కాలువ చివర ఆపాల్సిన గేటు తుప్పుపట్టి సగం ఊడిపోయింది. ఎండాకాలంలోనే దరఖాస్తు ఇచ్చాను. నెల గడిచాక పంచాయతీ కార్యదర్శిని అడిగాను.

“మీ ఆఫీసుకే పంపినం భాయ్.”

“మా ఆఫీసేంది సార్?”

“జిల్లాల మైనారిటీలకు ఉంటది గద.”

నా కాగితం నెత్తిన ‘మైనారిటీ సభ్యుని విన్నపం’ అని గుమాస్తా సొంతంగా రాశాడట. బస్సెక్కి ఖమ్మం పోయాను. అక్కడి అధికారి ఎంతో మర్యాదగా కుర్చీ వేయించాడు.

“మురుగు గేటుకు మా దగ్గర స్కీము లేదు భాయ్. ఇంట్ల ఆడోళ్లకు కుట్టుమిషన్ గావాలంటే ఫారం నింపుండ్రి.”

ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ వానాకాలం నీళ్లు రానే వచ్చాయి. పక్కింట్లో ఇడ్లీలమ్మే అక్క, నానిన బియ్యం బస్తా నా ముందు దించింది.

“ఏంది తమ్మీ, గెలిపిస్తే గిట్లనా?”

జరిగిందంతా చెప్పాను. ఆమె కడుపుబ్బ నవ్వి, తన పేరున రాయమంది. అదే దరఖాస్తు, అక్షరం మార్చకుండా, ఆమె వేలిముద్రతో ఇచ్చాను. ఈసారి కాగితం తిన్నగా ఇంజనీరు దగ్గరికి పోయింది. మళ్లీ వానలు మొదలయ్యేలోపే కొత్త గేటు పడింది.

ప్రారంభం రోజు అక్కకు శాలువా కప్పారు. మైనారిటీ సోదరుల తరఫున రెండు మాటలు చెప్పమని నాకు మైకిచ్చారు. గేటు అడిగింది నేనని, దరఖాస్తు ఖమ్మందాకా ఎందుకు పోయిందో కూడా చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు పేపర్లో వచ్చింది: ‘గేటు నిర్మాణంపై మైనారిటీల హర్షం’.

ఆ ఏడు గోదావరి పెరిగింది గానీ మా వీధిలో ఒక్క గడపా తడవలేదు. పేపరు మాత్రం నేను ఆ వార్త చూసిన రోజే మాన్పించాను.