ఆరుసార్లు కడిగిన బ్యాచ్

నాకు కోపం ఎక్కువని మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. ఎవరైనా బీకరు కడక్కుండా వదిలేస్తే, "ఇంట్లో అన్నం తిన్న కంచం కూడా ఇలాగే వదిలేస్తారేంటండీ?" అని విరుచుకుపడేవాణ్ణి.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం రోజూ రైల్లో వెళ్ళివచ్చే ల్యాబ్ అసిస్టెంటుని. కార్బన్ మోనాక్సైడ్‌ని నీటి ఆవిరితో కలిపి వేడి ఐరన్ ఆక్సైడ్ మీదుగా పంపితే హైడ్రోజన్ వస్తుంది. ఆ ఐరన్ ఆక్సైడ్ పొడి తయారీ మీద ఒకమ్మాయి పీహెచ్‌డీ చేసేది. కొల్లేటికోట పిల్ల. వాళ్ళింట్లో అందరూ చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ళే.

ఐరన్ నైట్రేట్ నీళ్ళలో పొటాషియం కార్బొనేట్ పోస్తే గోధుమరంగు బురద దిగుతుంది. పొటాషియం పోయేదాకా దాన్ని వేడి డిస్టిల్డ్ వాటర్‌తో పదిసార్లు కడిగి వడగట్టాలి. తర్వాత ఆరబెట్టి ఫర్నేస్‌లో కాల్చాలి. ఆ వడపోత ఉంది చూశారూ, ప్రాణం తీస్తుంది. జిగురు బురద, ఒక్కోసారికి ముప్పావుగంట.

మొదటి బ్యాచ్ కడగడం నాకు అప్పజెప్పి, ఆ అమ్మాయి జ్వరంతో హాస్టల్‌కి వెళ్ళింది. ఆరుసార్లయ్యేసరికి నా రైలు టైమైంది. 'ఆఁ, ఎవరు చూడొచ్చార్లే' అనుకుని, నోట్‌బుక్‌లో పది అని రాసి స్టేషన్‌కి పరుగెత్తాను.

ఆ బ్యాచ్ అద్భుతంగా పనిచేసింది. గైడ్‌గారు పొంగిపోయారు. తర్వాతవన్నీ అమ్మాయే కడిగింది, నిఖార్సుగా పదిసార్లు. ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. అలా ఏడాది గడిచింది. "మొదటి రీడింగులు నువ్వు వండి రాసినవి కాదు కదమ్మా?" అని గైడ్‌గారు అందరి ముందూ అడిగారు. మెత్తగానే అడిగారు. మళ్ళీ ఆ ఫలితం రాకపోతే థీసిస్ లేదన్నారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

కడగ్గా మిగిలిపోయిన కాస్త పొటాషియమే ఆ పొడికి బలమిచ్చి ఉంటుందని నాకు అప్పటికే తోచింది. ఇన్నేళ్ళు ఆ సీసాల మధ్య తిరిగినవాణ్ణి, ఆమాత్రం తెలీదా? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు. ల్యాబ్‌లో పిల్లల్ని నేను తిట్టిన తిట్లన్నీ వాళ్ళు నాకే తిరిగి అప్పజెబుతారని. అంతే, సిగ్గు.

ఒకరోజు పొద్దున్నే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"బాబాయిగారూ, మీ చేతి బ్యాచ్ ఒక్కటే పనిచేసిందండీ. నా కడగడంలోనే ఏదో లోపం ఉంది. ఒక్కసారి మీరు కడిగి చూపించరూ? ఇదీ పోతే ఇంక మానేస్తానండీ."

"దానికేముందమ్మా, చూపిస్తాను" అన్నాను.

స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఆరోసారి పోసిన నీళ్ళు దిగిపోయాయి. నా చెయ్యి ఆగింది.

"అయిపోయిందాండీ?"

"ఇంకా నాలుగుసార్లమ్మా" అన్నాను.

ఆ నాలుగూ వరసగా నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ బ్యాచ్ కూడా పోయింది. నెల తిరక్కుండా చదువు మానేసింది.

ఇప్పుడు భీమడోలులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తోంది. కనబడినప్పుడల్లా అదే మాట.

"నా చెయ్యే మంచిది కాదు గానీ బాబాయిగారూ, ఆరోజు మీరెంత ఓపిగ్గా చూపించారండీ!"