తవుడుకు కొన్న నోయెల్

రాయచెర్లులో మా పొలం సోలారు కరెంటు ప్లాంటుకు లీజుకిచ్చిన ఏడాదే నా కొడుకు పుట్టాడు. అంతకుముందు ఇద్దరు పుట్టి, పేరు పెట్టకముందే పోయారు. వీడైనా దక్కుతాడా అన్నదే ఇంటిల్లిపాదికీ దిగులు.

మా అత్త దగ్గర దానికో ఉపాయం ఉంది. బిడ్డలు దక్కని ఇంట్లో, పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పరాయి ఆమెకు ఇచ్చేస్తారు. తర్వాత దోసెడు తవుడు పోసి ఆమె దగ్గరే కొనుక్కుంటారు. పేరు ఆమే పెట్టాలి. పరాయి బిడ్డ అయిపోయాడు కాబట్టి చావు వాడి జోలికి రాదట. నాకు నమ్మకం లేదు. వద్దనే ధైర్యం అంతకన్నా లేదు.

కాన్పు పావగడ ఆసుపత్రిలో, క్రిస్మస్ రోజున అయింది. పురుడు పోసిన నర్సమ్మ తన పండగని కూడా చూసుకోకుండా డ్యూటీలో ఉంది. అత్త చేటా తవుడూ ఊరి నుంచే మూటగట్టుకొచ్చింది.

"ఇంగ వీడు నీ బిడ్డే నర్సమ్మా. పేరు నువ్వే పెట్టల్ల," అంది.

ఆమె నవ్వేస్తుందనుకున్నాను. నవ్వలేదు. చేట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాణ్ణే చూసి, "నోయెల్," అంది. ఫ్రెంచివాళ్ళ భాషలో క్రిస్మస్ అని అర్థమట. తవుడు కవరులో పోయించుకుని బిడ్డను ఇచ్చింది.

వాడు దక్కాడు. ఇక ఆ పేరుకు వచ్చిన గిరాకీ ఇంతా అంతా కాదు. నెలలు నిండక పుట్టిన బిడ్డకూ అదే, గుండ్రాయిలాంటి బిడ్డకూ అదే. అరసికెరెలో ఉన్న మా ఆడబిడ్డ కూడా కొడుక్కి అదే పెట్టుకుంది. స్కూలు మేష్ట్రు నా మొగుణ్ణి ఆపి అడిగాడు.

"ఏందప్పా, మీ ఊరంతా చర్చికి పోతాండారా?"

"లేదు సార్. అందరం ఆంజనేయస్వామి గుడికే," అన్నాడు ఈయన.

నర్సమ్మ ప్రతి క్రిస్మస్‌కూ కేకు పట్టుకుని షేర్ ఆటోలో వస్తుంది. మొన్నటి పండక్కి అత్త ఊళ్ళో నోయెల్ అనే పేరున్న పిల్లలందర్నీ వరసబెట్టి చెబుతుంటే నర్సమ్మ ముఖం వాడిపోయింది. పెరట్లోకి తీసుకెళ్ళి ఏమైందని అడిగాను.

"అది నా బిడ్డకని అనుకున్న పేరక్కా. వాడు పుట్టిన రోజే పోయినాడు. ఆ పొద్దు మీ అత్త 'నీ బిడ్డే' అనింది గదా, నోటికి అదే వచ్చేసింది. ఇంటికి పోయినాక భయం పట్టుకుండె. మీవాడు నడిచిందాకా నాకు నిద్ర లేదు."

చచ్చిపోయిన బిడ్డ పేరని తెలిస్తే అత్త ఆ పూటే మార్చేస్తుంది. చెప్పలేదు, చెప్పను.

ఆమె వచ్చిన రోజు మాత్రం నేను వాణ్ణి పేరుతో పిలవను. అన్నానికి వాణ్ణి ఆమెనే పేరు పెట్టి పిలవమంటాను.